ఆ చేప మీ గండం మోయలేదు

కొత్త అక్వేరియంలో వేసిన చేప వారం తిరక్కుండా చచ్చిపోతే మన ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: 'ఇంటికొచ్చే గండాన్ని అది తీసుకుపోయింది.' కర్నూలులో అంటారు, కడపలో అంటారు, నంద్యాలలో, పొద్దుటూరులో అంటారు. అమ్మినవాడు ముందే అని పెడతాడు, కొన్నవాడు తర్వాత అనుకుంటాడు. ఈ మాట అబద్ధం. చావుకు పుణ్యం పూసి అమ్మే అబద్ధం. ఆ చేప ఎవరి గండాన్నీ మోయలేదు. తన ఒంట్లోంచి వెలువడిన అమోనియాలోనే మొప్పలు కాలి చచ్చింది. దాన్ని ఆ నీళ్లలో వదిలిన చేతులు మనవే.

సాయంత్రం ఏ రంగు చేపల షాపులోనైనా నిలబడి చూడండి. రెండడుగుల తొట్టి, రంగు రాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు, గాలి మోటారు, పాలిథిన్ కవర్లో గోల్డ్‌ఫిష్‌లు, అన్నీ ఒకే బిల్లులో వెళ్లిపోతాయి. 'ఈరోజే చేపలు వెయ్యొచ్చా?' అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: 'ఏం గాదులేన్నా, నీళ్లు పోసి అరగంట ఆగి యాసేయ్.' ఆ అరగంట మీదే నా కోపం. అరగంటలో కవర్లోని నీళ్ల వేడీ తొట్టిలోని నీళ్ల వేడీ సమానమవుతాయి, అంతే. తొట్టి చేపకు నివాసం కావాలంటే అరగంట చాలదు, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఎందుకంటే చేప మొప్పల గుండా ఎప్పుడూ అమోనియాను వదులుతూనే ఉంటుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా పుట్టేది అమోనియానే. చెరువులో అది విశాలమైన నీటిలో కలుస్తుంది. మట్టి, మొక్కలు, సూక్ష్మజీవులు దాన్ని వాడుకుంటాయి. గాజు తొట్టిలో అది ఎక్కడికీ పోదు. దాన్ని నైట్రైట్‌గా మార్చే సూక్ష్మజీవులు, ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే మరో రకం సూక్ష్మజీవులు ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ల మీద, గాజు గోడల మీద కాపురం పెట్టాలి. ఇది నిన్న మొన్న కనిపెట్టిన సంగతి కాదు. శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఈ జీవుల్ని వేరుచేసి చూపింది 1890 ప్రాంతంలో. మంచినీటి అక్వేరియాల్లో నైట్రైట్ పని చూసేది ముఖ్యంగా నైట్రోస్పైరా జాతి అని హొవానెక్ బృందం 1998లో తేల్చింది. ఈ జీవులు పాలు తోడుకున్నంత వేగంగా పెరిగేవి కావు. సంఖ్య రెట్టింపు కావడానికే చాలా గంటలు, ఒక్కోసారి రోజు పైన పడుతుంది. షాపులోంచి వచ్చిన కొత్త తొట్టిలో అవి దాదాపు ఉండవు. ముందు వాటిని పెంచి, ఆ తర్వాతే చేపను తేవడాన్ని తొట్టిని సైకిల్ చేయడం అంటారు.

ఈ తప్పు ఎక్కడ చేసినా తప్పే. రాయలసీమలో చేస్తే దానికి శిక్ష మరీ ఎక్కువ. బెలుం గుహలు చూసినవాళ్లకు తెలుసు, మన కాళ్ల కింద చాలాచోట్ల ఉన్నది సున్నపురాయి. ఆ రాతిని నీరు కరిగించుకుంటూ పోయే గుహలు ఏర్పడ్డాయి. అలాంటి రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్లలోని సున్నమే మన బిందెల అడుగున తెల్లగా పేరుకుంటుంది. ఆ నీళ్లు గట్టివి, క్షారగుణం ఉన్నవి. పీహెచ్ 8 చుట్టూ ఉండటం మామూలు. నీటిలోని అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది: చేపను పెద్దగా బాధించని అమోనియం, మొప్పల్ని కాల్చే ముడి అమోనియా. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 దగ్గర వెయ్యి పాళ్లలో ఆరు పాళ్లే ముడి విషం. పీహెచ్ 8 అయితే యాభై పాళ్లు దాటుతుంది. నీళ్లు 30 డిగ్రీలకు చేరితే డెబ్బై అయిదు. మన ఎండాకాలంలో తొట్టి నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఆగడమే గొప్ప. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు కూడా తగ్గిపోతుంది. మెత్తటి నీళ్లున్న ఊళ్లో తప్పించుకున్న చేప మన ఊళ్లో తప్పించుకోలేదు. అందువల్ల ఆ ఊళ్లవాళ్లకంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది మనం. మనమేమో తొందరపడుతున్నాం.

దీనికి మందు అనుకుని కొందరు ఇంకో ప్రమాదం తెస్తున్నారు. బోరు ఉప్పు నీళ్లు చేపకు పడవని, ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు తెచ్చి తొట్టి నింపుతారు. ఆ క్యాన్లలోని ఆర్‌వో నీటిలో బైకార్బొనేట్ దాదాపు ఉండదు. సూక్ష్మజీవులు అమోనియాను మార్చే పనిలో ఆ బైకార్బొనేట్‌నే ఖర్చుచేస్తాయి: ఒక్క మిల్లీగ్రాము అమోనియా నైట్రోజన్‌కు ఏడు మిల్లీగ్రాముల పైన క్షారత కరిగిపోతుంది. అది అయిపోతే పీహెచ్ కిందికి జారుతుంది, 6 దాటి దిగితే సూక్ష్మజీవులు మందగిస్తాయి, అమోనియం పేరుకుపోతుంది. ఆ పుల్లటి నీటిలో అది ముడి విషంగా మారదు కాబట్టి చేప ఎలాగో ఈదుతూనే ఉంటుంది. ఒకరోజు క్యాను రాదు. ఇంట్లోవాళ్లు రెండు బకెట్ల బోరు నీళ్లు పోస్తారు. పీహెచ్ ఒక్కసారిగా ఎగబాకి, దాగి ఉన్న అమోనియం ముడి అమోనియాగా మారుతుంది. కొన్ని గంటల్లో తొట్టి నిండా శవాలు. 'నీళ్లు మార్చిన పాపానికి చచ్చినాయి' అని ఏడుస్తారు. పరీక్ష లేకుండా పోయడమే అసలు పాపం.

పరీక్ష అంటే టీడీఎస్ మీటరు ముంచడం కాదు. మన ఊళ్లలో వాటర్ ప్లాంట్ల పుణ్యమా అని ఆ మీటరు ప్రతి వీధిలో ఉంది. షాపుల్లోనూ అదే ముంచి 'నీళ్లు బాగున్నాయి' అని తీర్పు చెబుతారు. నీటిలో ఎంత ఉప్పు కరిగిందో అది చెప్పగలదు. అమోనియా ఉందో లేదో చెప్పలేదు. అమోనియాను రంగుతో చూపే చుక్కల కిట్ వేరు. కడపలో తెలిసినవాళ్ల ఇంట్లో కొత్త తొట్టి నీళ్లను అయిదు మిల్లీలీటర్ల గాజు గొట్టంలో పట్టి, మొదటి సీసా ఎనిమిది చుక్కలు, రెండో సీసా ఎనిమిది చుక్కలు వేసి, మూత బిగించి ఊపాను. అయిదు నిమిషాల తర్వాత పసుపు నిలిచి ఉంటే అమోనియా లేనట్టు. ఆ గొట్టం నిమ్మ రంగులోంచి లేతాకు రంగులోకి, అక్కణ్నుంచి చిక్కటి ఆకుపచ్చలోకి దిగిపోయింది. రంగుల కార్డు పక్కన పెడితే లీటరుకు 4 మిల్లీగ్రాములు. పీహెచ్ 8. నీళ్ల వేడి 30. లెక్క కడితే ముడి విషం 0.3. మొప్పలు దెబ్బతినడానికి 0.05 చాలు. మిగిలిన మూడు గోల్డ్‌ఫిష్‌లు పైపొరకు నోళ్లు ఆనించి గాలికోసం కొట్టుకుంటున్నాయి, రెక్కల అంచుల్లో ఎర్రటి జీరలు. పిల్లవాడు ఏడుస్తున్నాడు. జేజి వాడి తల నిమిరి, 'ఏడవద్దు నాయనా, మన గండం అవి తీసుకపోతాయిలే' అంది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెకు ఆ మాట నేర్పి సరుకు అమ్ముకుంటున్న వ్యాపారం మీదే నా కోపం.

ఆ వ్యాపారం అక్కడితో ఆగదు. చేపలు చస్తుంటే నీలం మందు ఇస్తారు, పసుపు రంగు పొడి ఇస్తారు. నీలం మందు మిథిలిన్ బ్లూ. అప్పుడప్పుడే పెరుగుతున్న సూక్ష్మజీవుల్ని కూడా అది చంపుతుంది. 'వారానికోసారి నీళ్లన్నీ పారబోసి, స్పాంజి కొళాయి కింద రుద్ది కడుగు' అంటారు. కొళాయి నీటిలోని క్లోరిన్ మిగిలిన జీవుల్నీ చంపుతుంది. తొట్టి మళ్లీ మొదటి రోజుకు వస్తుంది. చేప చస్తుంది, ఇంకో చేప అమ్ముడవుతుంది.

ఇదే తెలుగు నేల మీద భీమవరం, కైకలూరు వైపు చేపలు, రొయ్యలు పెంచే రైతుల్ని చూడండి. పిల్ల వదలకముందే నీళ్లు సిద్ధం చేస్తారు. పీహెచ్, క్షారత, అమోనియా చూపించుకోవడానికి సీసాల్లో నీళ్లు పట్టుకుని ఆక్వా ల్యాబులకు వెళ్తారు. పెట్టుబడి పోతుందని భయం కాబట్టి చేస్తారు. కోసి తినే చేపకు దక్కిన ఆ జాగ్రత్త, పిల్లల కళ్ల ముందు ప్రేమగా పెంచుకుంటామనే చేపకు దక్కదా? అక్వేరియం షాపుల మీద కేంద్రం 2017లో నిబంధనలు తెచ్చింది, తర్వాత వెనక్కి తీసుకుంది. చట్టం కోసం ఎదురుచూడాల్సిన పనేమీ లేదు. కావలసింది ఓపిక, ఒక కిట్.

పద్ధతి ఇదీ. తొట్టిలో నీళ్లు పోయకముందే ఆ నీళ్లను పరీక్షించండి. మన బోర్లలో చాలాచోట్ల నైట్రేట్ ముందే ఉంటుంది. తాగునీటికి హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములైతే, దాన్ని దాటిన బోర్లూ ఉన్నాయి. ఆ సంగతి తెలియకపోతే మొదటి రోజు నైట్రేట్ రంగు చూసి తొట్టి సిద్ధమైందని మోసపోతారు. మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ విరుగుడు కలపండి. ఫిల్టర్ రాత్రింబవళ్లు తిరగనివ్వండి. రసాయనాల దుకాణంలో దొరికే శుద్ధమైన అమోనియం క్లోరైడ్ 100 లీటర్లకు సుమారు 0.6 గ్రాము వేస్తే అమోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములకు వస్తుంది. అది దొరక్కపోతే రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనివ్వండి. ముందు అమోనియా దిగుతుంది, నైట్రైట్ లేస్తుంది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. నైట్రైట్ చేప రక్తాన్ని గోధుమ రంగుకు మార్చి ప్రాణవాయువును మోయనివ్వదు. అదీ దిగాలి. మళ్లీ వేసిన 2 మిల్లీగ్రాముల అమోనియా ఒక్క రోజులో సున్నాకు వచ్చి, నైట్రైట్ కూడా సున్నా చూపిన రోజున సగానికి పైగా నీళ్లు మార్చి, రెండు మూడు చేపలతో మొదలుపెట్టండి. మన గట్టి నీళ్లకు గప్పీలు, మోలీలు బాగా సరిపోతాయి. ఏళ్లుగా నడుస్తున్న ఆరోగ్యమైన తొట్టి స్నేహితుల ఇంట్లో ఉంటే దాని స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి, వారాలు కలిసొస్తాయి.

కిట్ ఖరీదెక్కువ అంటారు. నిజమే, ఇంటింటికీ అక్కర్లేదు. కర్నూలులో, కడపలో చేపలమ్మే ప్రతి షాపు బల్ల మీద ఒకటి ఉండాలి. సీసాలో నీళ్లు తెచ్చినవాడికి పదో ఇరవయ్యో తీసుకుని రంగు చూపించాలి. తొట్టి అమ్మిన రోజు చేప అమ్మనని షాపువాడు నోరు తెరిచి చెప్పాలి. అలా చెప్పేవాడు ఒక్కడున్నా అతని దగ్గరే కొనండి. అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా అని మీ కళ్లతో చూడకుండా ఏ చేపనూ ఇంటికి తేకండి. ఆ పరీక్ష అయ్యిందా అని అడక్కుండా అమ్మే షాపు గడప మళ్లీ తొక్కకండి.