ప్రోగ్రామును బట్టీ పట్టకండి!

పిల్లలూ! పది సంఖ్యల మొత్తం కట్టే ప్రోగ్రామును మా తరగతి అమ్మాయి ఒకరు తడుముకోకుండా రాసింది. ఇరవై సంఖ్యలకు మార్చమంటే తెల్లమొహం వేసింది. తప్పు ఆమెది కాదు, వల్లె వేయించిన మాది.

1981లో అమెరికాలో మెక్‌కీథన్, ఆమె సహచరులు ఒక ప్రయోగం చేశారు. ప్రోగ్రామును కాసేపు చూపి, గుర్తున్నంత రాయమన్నారు. కొత్తవారికంటే నిపుణులు ఎక్కువ రాశారు. పంక్తులను తారుమారు చేసి చూపితే మాత్రం ఇద్దరికీ తేడా లేకపోయింది! చూశారా? నిపుణుల బలం వట్టి జ్ఞాపకశక్తి కాదు, ఏ పంక్తి ఎందుకుందో తెలియడమే.

కాబట్టి ముందు అర్థం చేసుకోండి. పుస్తకం మూసి సొంతంగా రాయండి. మర్నాడు ఒకసారి, వారం తర్వాత మరోసారి రాయండి. ఆపైన ఒక చిన్న మార్పు చేసి, జవాబు ఏమొస్తుందో ముందే ఊహించండి. మీ ఊహ నిజమైతే ఆ పాఠం ఇక మీదే!