కడప కొండలంటే ఎక్కడ బాస్?

శ్రీసిటీలో శనివారం సాయంత్రం కంపెనీ బస్సులు వెళ్లిపోయాక చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. అందుకే తిరుపతిలో బోటనీ చదివే ఫ్రెండ్ ఫోన్ చేసి "ఒక ఎక్సెల్ షీట్ ఉంది, కాస్త క్లీన్ చేసి పెట్టరా" అనగానే ఒప్పేసుకున్నా. అరగంట పనే అనుకున్నా. నెల పట్టింది.

షీట్ నిండా హెర్బేరియం రికార్డులే. కొమ్మను పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, అట్టకు అంటించి, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కోశారో కింద లేబుల్ రాసి దాస్తారు. లండన్ క్యూ గార్డెన్స్‌లో ఇలాంటివి 70 లక్షలకు పైనే ఉన్నాయి. లేబుల్‌లో ఉన్న ఊరు చూసి మ్యాప్ మీద చుక్క పెట్టడమే నా పని.

స్క్రిప్ట్ రాసి రన్ చేశా. "కడప కొండలు" అని ఉన్న చెట్లన్నీ కడప టౌన్ నడిబొడ్డున మొలిచాయి! ఊరు లేనివైతే సున్నా, సున్నా దగ్గర, ఆఫ్రికా పక్కన సముద్రంలో.

జిల్లాలైతే ఇంకో తలనొప్పి. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో. అంతకు ముందు తిరుపతిలో కోసిన కొమ్మ మీద ఉత్తర ఆర్కాట్ అని ఉంటుంది. మా శ్రీసిటీ ఉన్న సత్యవేడు వైపైతే 1960 దాకా మద్రాస్ రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లా. ఆ తర్వాత చిత్తూరు. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి. చెట్టు కదల్లేదు, అడ్రసే మారుతూ వచ్చింది. మన ఆధార్ కార్డుల్లాగే అనుకోండి.

ఈ గొడవలో నా కంట పడింది పేరిత. సైన్స్ పేరు సైకస్ బెడ్డోమీ. మద్రాస్ అటవీ శాఖలో పనిచేసిన బెడ్డోమ్ పేరు మీద 1883లో డయ్యర్ పెట్టాడు. చూడ్డానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది. మన శేషాచలం, ఆ చుట్టుపక్కల కొండలు తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగ మొక్కకొచ్చే కంకిని బలం మందంటూ కోసుకుపోతారు. పుప్పొడి పోతే ఆడ మొక్కకి గింజ ఎక్కడిది? విదేశాలకు అమ్మకుండా సైట్స్ ఒప్పందం మొదటి జాబితాలోనే పెట్టారు, ఎర్రచందనం కూడా రెండో జాబితాలోనే ఉంది.

పాత లేబుళ్లతో భయం లేదు, అవి కొండ పేరు చెప్పి ఊరుకుంటాయి. మా ఫ్రెండ్ ఈ ఏడాది ఫోన్‌లో నోట్ చేసినవి మాత్రం పాయింట్ తర్వాత ఆరు అంకెలు. అంటే కొద్ది మీటర్ల తేడాతో చెట్టు దొరికిపోతుంది. నేనేమో ఆ ఫైల్‌ని గొప్పగా పబ్లిక్ రిపోలో పెట్టేశా!

రెండో రోజు రాత్రి తను చూసి ఫోన్ చేసింది. తిట్టలేదు. "దారి చూపించావురా" అంది, అంతే. తిట్టుంటే బావుండేది.

ఫైల్ డిలీట్ చేస్తే చాలదు, పాత వెర్షన్ హిస్టరీలో ఉండిపోతుంది. మొత్తం రిపోనే పీకేశా. ఇప్పుడు బయటి షీట్‌లో ఒక్క అంకె, అంటే దాదాపు 11 కిలోమీటర్ల మసక. అసలు అంకెలు తన దగ్గర పాస్‌వర్డ్ వెనక. కొండెక్కి దిగి స్టోరీలో లొకేషన్ పెట్టే అలవాటు మీకూ ఉంటే, వెనకాల ఏ చెట్టుందో ఒకసారి జూమ్ చేసి చూడండి.

పీకేసే ముందు ట్రాఫిక్ పేజీ చూశా. క్లోన్లు: 1. అది నా ఆఫీస్ ల్యాప్‌టాప్‌దే అయ్యుండాలి. ఆ రోజు దాన్ని తెరిచానా లేదా అన్నది మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.