ఊళ్లోనా, కాలనీలోనా?

తెనాలి–గుంటూరు పాసింజర్లో మొన్న పక్కసీటాయన మాట కలిపాడు. ఏ ఊరన్నాడు. సంగం జాగర్లమూడి అన్నాను. "ఊళ్లోనా, కాలనీలోనా?"

ఆయన నా కులం అడగలేదట!

కాలనీ ఇంగ్లీషు మాట. బయటివాళ్లొచ్చి పాతుకుపోయిన చోటని అర్థం. తెల్లోళ్లకి మన దేశం కాలనీ. దాని లాటిన్ మూలంలో సాగు చేయడమనే అర్థం ఉంది. మరి తరాలుగా ఈ కాలవల కింద నాట్లేసి కోతలు కోసిన మేం ఏ బయటి నుంచి వచ్చాం? పట్నంలో బ్యాంక్ కాలనీ, ఎన్జీవో కాలనీ అంటే పరువు. పల్లెటూళ్లో అదే మాట మాలపల్లెకి, మాదిగపల్లెకి మర్యాద ముసుగు. పక్కా ఇళ్లతోపాటు సర్కారే దాన్ని బోర్డుకెక్కించింది.

ఒక్క కాలనీ పేరు మాత్రం నేను గర్వంగా పలుకుతాను. 1985 జులై 17 తర్వాత కారంచేడు వదిలొచ్చిన మనవాళ్లు చీరాలలో నిలబడ్డ విజయనగర్ కాలనీ. అది వాళ్లు తెగించి వేసిన అడుగు.

2024 జూన్‌లో కేరళ ఈ మాట వద్దంది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు రికార్డుల నుంచి తీసేస్తామంది. మన దగ్గరా తీయాలి. కానీ పైనుంచి ఏదో ఒక 'నగర్' తగిలిస్తే, రేపు "ఊళ్లోనా, నగర్లోనా?" అంటారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వచ్చే గ్రామసభకి కాగితం రాసుకెళ్లండి. పేరు అక్కడ బతికేవాళ్లే పెట్టుకోవాలి. కావాలంటే ఉత్త ఊరిపేరే ఉంచుకోవాలి.

రైల్లో ఆయనకి "ఊళ్లోనే" అన్నాను. స్టేషన్ వచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు.