ఎంగిలి పళ్ళెముల చదువా?

మొన్న వేసవిలో మా సంఘములోని ఒక రైతు సహోదరుడు, ఇంటర్మీడియట్ పాసైన తన కుమార్తెను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. అమ్మాయి హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానని పట్టుబట్టి కూర్చున్నది. "ఎంగిలి పళ్ళెములు ఎత్తడానికి కూడా మూడేళ్ళ చదువా, అయ్యగారూ? మీరైనా దీనికి చెప్పండి" అన్నారాయన. చెప్పడానికి నోరు తెరిచాము గాని, మెదక్ ప్రయాణము జ్ఞాపకము వచ్చి ఆగిపోయాము.

కొన్ని సంవత్సరముల క్రిందట క్రిస్మస్‌కు సంఘస్థులు 50 మందిని బస్సులో మెదక్ కెతీడ్రల్‌కు తీసుకొని వెళ్ళాము. 1924లో ప్రతిష్ఠింపబడిన ఆ మందిరమును ఒక్కసారైనా చూడాలని మన పల్లెలలో ఎంత ఆశయో మీకు తెలుసు. బస్సు మాట్లాడాము, డబ్బు వసూలు చేశాము, ప్రార్థన చేసి బయలుదేరాము. మా ఏర్పాటు అంతటితో సరి. రాత్రివేళ స్త్రీల కోసము బస్సు ఎక్కడ ఆపాలో ఆలోచించలేదు. సాయంత్రము వండిన కోడికూరను మూతపెట్టి తెచ్చి మరునాడు మధ్యాహ్నము వడ్డించాము. ముగ్గురు పిల్లలకు వాంతులు. పండుగ జనములో గదులు దొరకక వృద్ధులు చలిలో చెట్ల క్రింద రాత్రి గడిపారు. తప్పు మాదే. మా ఇంటివారు నేటికీ ఆ సంగతి ఎత్తిపొడుస్తూ ఉంటారు.

మాకన్న ముందు ఈ అవస్థ పడినవారు ఒకరున్నారు. థామస్ కుక్ ఇంగ్లాండులో వడ్రంగి పని చేసుకుంటూ వాక్యము ప్రకటించిన బాప్టిస్టు. 1841 జూలై 5న మద్యపాన వ్యతిరేక సభకు లెస్టర్ నుండి లఫ్‌బరో వరకు సుమారు 500 మందిని రైలులో తీసుకొని వెళ్ళారు. మనిషికి ఒక షిల్లింగు. నేటి యాత్రా వ్యాపారమునకు అది తొలి మెట్లలో ఒకటి. అయితే 1846లో స్కాట్లాండు యాత్రకు బయలుదేరినప్పుడు రైలులో మరుగుదొడ్లు లేవు, ప్రెస్టన్‌లో ఇస్తామన్న టీ రాలేదు, ఓడలో గదులు చాలక అనేకులు వానలో తడుస్తూ డెక్కు మీద తెల్లవార్చారు. ఇది చదివినప్పుడు మా బస్సే కళ్ళకు కట్టింది. ఆయన పని మానుకోలేదు, నేర్చుకున్నారు. 1868లో హోటళ్ళతో ముందే మాట్లాడి, బసకూ భోజనమునకూ ముందుగా డబ్బు కట్టించుకొని చీటీలు ఇచ్చే పద్ధతి పెట్టారు. 1869లో పాలస్తీనాకు కూడా యాత్రికులను నడిపించారు.

వచ్చేవారికి ఏమి అవసరమో వారు అడుగకమునుపే ఎరిగి సిద్ధపరచుట – ఈ చదువులో ముఖ్యముగా నేర్పేది ఇదేనని విచారించిన మీదట మాకు తెలిసినది. హోటల్ చదువులో నాలుగు విభాగములు. ఫ్రంట్ ఆఫీసు అంటే గది బుక్ చేసినది మొదలు లెక్క తేల్చి సాగనంపేవరకు. హౌస్‌కీపింగ్ అంటే గదులు, పక్కబట్టలు, శుభ్రత. వంట ఒకటి, వడ్డన ఒకటి. వంటశాల పాఠము మాకు మిక్కిలి నచ్చినది. 5 డిగ్రీలకు 60 డిగ్రీలకు మధ్య ఉండే ఆహారములో క్రిములు త్వరగా పెరుగుతాయి. కనుక వేడిది బాగా వేడిగానే ఉంచాలి, లేదా త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. పచ్చి మాంసము కోసిన కత్తిపీటను కడుగకుండా వండినదానికి తగిలించకూడదు. మా కోడికూర ఎందుకు చెడిందో అప్పుడు బోధపడినది. పెండ్లి విందులు వండే సహోదరులు ఈ మాట గుర్తుంచుకుంటే మంచిది. ప్రయాణ, పర్యాటక కోర్సులలోనైతే దారి పట్టిక వేయుట, టికెట్లు, వీసా కాగితములు, ఖర్చు లెక్క కట్టుట నేర్పుతారు.

హైదరాబాదు విద్యానగర్‌లోను, తిరుపతిలోను హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థలున్నవి. నెల్లూరులో కేంద్ర పర్యాటక శాఖవారి పర్యాటక, ప్రయాణ నిర్వహణ సంస్థ ఉన్నది. హోటల్ డిగ్రీకి జాతీయ ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఇంటర్‌లో ఇంగ్లీషు పాసై ఉండాలి. ప్రైవేటు కళాశాల అయితే ఫీజు కట్టకమునుపు డిగ్రీ ఎవరిస్తారో, శిక్షణకు ఏ హోటలుకు పంపుతారో అడగండి. ఓడలలో, గల్ఫ్‌లో ఉద్యోగమని లక్షలు అడిగే ఏజెంటు ప్రభుత్వము వద్ద నమోదైనవాడో కాదో చూడకుండా పొలము తాకట్టు పెట్టకండి.

కష్టములు కూడా దాచకుండా ఆ తండ్రికి చెప్పాము. గంటల తరబడి నిలబడి చేసే పని. రాత్రి డ్యూటీలుంటాయి. ఆదివారము సెలవు దొరకుట అరుదు, క్రిస్మస్ రోజున హోటళ్ళలో పని మరీ ఎక్కువ. వడ్డన పాఠములలో మద్యము సంగతి కూడా వస్తుంది. ఆయన ముఖము చిన్నబోయినది. అప్పుడు అమ్మాయే అందుకొని, "నేను వంటలోనో హౌస్‌కీపింగ్‌లోనో చేరతాను నాన్నా, బారులో నిలబడను" అన్నది. ఆ ప్రక్కకే తప్పక పంపుతారని మేము హామీ ఇవ్వలేము. ఉద్యోగములో చేరేముందు అడిగి తెలుసుకోవాలని మాత్రము చెప్పాము.

ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. "పరీక్ష వ్రాయనీ, తరువాత చూద్దాము" అనేంతవరకు వచ్చారు. ఈలోగా రాబోయే మెదక్ ప్రయాణము పట్టికను ఆ అమ్మాయి చేతికే అప్పగించాము. కాగితము తీసుకొని మొదట అడిగినది: "షుగరు ఉన్న పెద్దవాళ్ళు ఎంతమంది వస్తున్నారు, అయ్యగారూ? బస్సు ఎన్నిసార్లు ఆపాలో చూసుకోవాలి."