నూరేళ్ల చదువుల గుడి, అందరికీ తెరిచిన తలుపు

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 2026 శతజయంతి సంవత్సరం. ఇలాంటి సందర్భంలో సన్మానాలకూ స్మారక సంచికలకూ చోటు ఉండవలసిందే. కానీ ఎవరి అర్హతలూ అడగకుండా, అందరినీ ఆహ్వానించి తెలుగులో విజ్ఞాన ఉపన్యాసాలు ఇప్పించడమే అసలైన ఉత్సవమని మా నమ్మకం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పరిశోధన ప్రజల పన్నులతో నడుస్తుంది. దాని ఫలితాలు వినే హక్కు వారికి ఉంది. బంగాళాఖాతంలో తుఫాను ఎలా బలపడుతుందో, విశాఖ తీరం ఎందుకు కోతకు గురవుతుందో శాస్త్రజ్ఞుల నోట ముందుగా వినవలసింది ఆ తీరంలో బతికే మత్స్యకారులే.

సులువుగా చెబితే శాస్త్రం పలచబడుతుందని కొందరి అభ్యంతరం. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825లో మొదలైన క్రిస్మస్ ఉపన్యాసాల్లో కొవ్వొత్తి మంటను పిల్లలకు వివరించిన మైకేల్ ఫారడేయే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నవాడు కూడా. తెలుగులో పారిభాషిక పదాలు చాలవన్నది మరో అభ్యంతరం. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రత్యేక అనువాద విభాగం అండతో శాస్త్రాలను ఉర్దూలోనే బోధించింది. చెప్పాలన్న పట్టుదల ఉంటే పదాలు వెంట వస్తాయి. అందుకే ఈ ఉపన్యాసాలు జిల్లా కేంద్రాలకూ చేరాలి, శ్రోతల ప్రశ్నలకు తగినంత సమయం ఇవ్వాలి, శతజయంతి ముగిసినా ఏటా సాగాలి.

— సంపాదకుడు