నిరపాయమను మాట

"వాన కురిసిన పిమ్మట చూతము" అని రోగమునుగూడ వాయిదా వేయుట మన అనంతపురపు మెట్టసీమలో అలవాటు. గుండెలో గడ్డ యున్నను, అది రాచపుండు కాదు, 'నిరపాయము' అని వినగానే యింటికి మఱలుదురు. ఆ మాట నాకు నచ్చదు.

గుండెలోనే పుట్టు గడ్డలు మిక్కిలి అరుదు. వానిలో నాలుగింట మూడుపాళ్లు రాచపుండ్లు కావు. అట్టి మిక్సోమా తఱచుగా ఎడమ కర్ణికలో, నడిమిగోడకు కాడతో వ్రేలాడుచుండును. గుండె కొట్టుకొనునపుడెల్ల అది ఊగుటను ఎకో పరీక్షలో కన్నులార చూడవచ్చును. అంచు తెలియక కండలోనికి చొచ్చి, గుండెచుట్టు నీరు చేర్చినదైనచో అనుమానము హెచ్చును, ఎం.ఆర్.ఐ. దాని కణజాలమును, రక్తప్రసారమును దెలుపును. అయినను ఛాయ సాక్షియే, తీర్పు సూక్ష్మదర్శినిది.

ఆ ఊగెడు గడ్డనుండి తునుక తెగి మెదడునకు బోయినచో పక్షవాతమే. ఇఁక నిరపాయమెక్కడిది? తల్లిదండ్రులారా, వైద్యుడు తీయవలెనన్నచో వానకై చూడకుడు. ఖర్చునకు వెఱతురా? పుట్టపర్తిలో 1991వ సంవత్సరమున తెఱవబడిన ఆసుపత్రిలో గుండె శస్త్రచికిత్సకు రుసుము లేదు.