ఒక ఇంట్లో రెండు వంటలు ఎందుకు?



సాయంత్రం ఆరు దాటాక మన కాలనీ మెయిన్ రోడ్డు మీద ఓసారి నడిచి చూడండి. పక్కన పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసే అక్క దగ్గర నలుగురైదుగురు నిలబడి ఉంటారు. వేడినీళ్లతో కలిపిన పిండిముద్దను ఆమె అరచేత్తో టపటపా తట్టి, పెనం మీద వేసి, పైన తడిబట్టతో తుడిచి తిరగేస్తుంది. ఎవరికోసమని ఆ నిలబడ్డవాళ్లను అడగండి. "మా నాన్నకండీ, షుగరు." "అత్తమ్మకు." రెండు రొట్టెలు పొట్లం కట్టించుకుని వెళ్లిపోతారు. ఇంట్లో మిగతా అందరికీ కుక్కర్‌లో తెల్లన్నం ఉడుకుతూ ఉంటుంది.

మా పేచీ అంతా ఆ రెండు రొట్టెలతోనే!

మంచి తిండి రోగం వచ్చినవాళ్లకు, లేనివాళ్లు ఏం తిన్నా చెల్లుతుంది అనే నమ్మకం మనలో పాతుకుపోయింది. ఎవరైనా జొన్నరొట్టె అడిగితే "ఏం, షుగర్ వచ్చిందా?" అంటాం. అన్నం తగ్గిస్తే "ఒంట్లో బాగాలేదా?" అంటాం. డాక్టరు చీటీ రాస్తే తప్ప కంచంలోది మారదు. రాసినా ఆ ఒక్కరి కంచమే మారుతుంది. పాపం ఆ పెద్దాయన అందరి మధ్యా నేరం చేసినవాడిలా తన రొట్టె తాను తుంచుకుంటూ, పక్క కంచంలోని ముద్దపప్పు, ఆవకాయ వంక చూస్తుంటాడు. పది రోజులు ఓపిక పడతాడు. పదకొండో రోజు "ఇవాళ్టికి కొంచెం అన్నం పెట్టవే" అంటాడు.

తెలంగాణ, రాయలసీమ మెట్ట ఊళ్లలో మన తాతముత్తాతలు తిన్నది జొన్న గటక, సజ్జరొట్టె, రాగిసంకటి, కొర్రన్నం. వరి అన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇచ్చింది. దాన్ని మేం తప్పుపట్టం. ఆకలి తీర్చిన బియ్యాన్ని తప్పుపట్టేవాళ్లకు ఆకలి తెలియదనే అనుకోవాలి. తప్పల్లా తెల్లన్నం తింటేనే బాగుపడ్డ ఇల్లని మనం లెక్కేసుకోవడంలో ఉంది. అల్లుడికి సంకటి పెడితే నలుగురూ నవ్వుతారని భయపడ్డాం. ఇప్పుడదే సంకటి మందుల చీటీ వెంట ఇంటికి తిరిగొచ్చింది. అప్పుడు లేనివాళ్ల తిండి, ఇప్పుడు రోగిష్టుల తిండి! మామూలు మనుషుల తిండి ఎప్పుడవుతుంది?

"మాకు షుగర్ లేదుగా" అనేవాళ్లు కొంచెం ఆగండి. భారత వైద్య పరిశోధన మండలి అండతో దేశమంతా జరిపిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకు పైగా ఉంటే, దాని అంచున ఉన్నవాళ్లు 13 కోట్లకు పైగా ఉన్నారని తేలింది. అంచున ఉన్నవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. పైగా అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. అంటే నాన్నకోసం రొట్టెలు కట్టించుకెళ్లే కొడుకే వాటిని ముందు తినాల్సినవాడు.

తెల్లబియ్యం చేసుకున్న పాపం ఏమిటంటే, మిల్లులో పాలిష్ పట్టేటప్పుడు తవుడుతోపాటు పీచు కూడా పోవడం. 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాముల లోపే, జొన్నల్లో 10 దాకా ఉంటుంది. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 300 మిల్లీగ్రాములు దాటితే, బియ్యంలో 10కి అటూ ఇటూ. అలాగని ఆవకాయ వేసుకుని ఐదు రొట్టెలు లాగిస్తే బాగుపడిపోం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, 2000 కేలరీలు అవసరమైన మనిషికి రోజు మొత్తానికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులూ గుడ్లూ మాంసం లాంటివి 85 గ్రాములు, కూరగాయలూ పళ్లూ కలిపి అరకిలో అని ఉంది. ఆ పక్కన మన కంచం పెట్టి చూడండి. గుట్టలా అన్నం, ఓ మూలన నంచుకోవడానికన్నట్టు కూర. ముందు ఆ పాళ్లు తిరగబడాలి. ధాన్యం ఏదన్నది ఆ తర్వాతి మాట.

రెండు వంటల బరువు మోసేది ఎవరో కూడా చూడండి. పిల్లలకు అన్నం, మామగారికి రొట్టె, భర్తకు చపాతీ చేసిపెట్టి ఆ ఇంటి ఇల్లాలు ఆఖర్న కూర్చుంటుంది. అప్పటికి గిన్నెలో మిగిలేది చారన్నం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. ఒకటే వంటయితే ఆమెకు పని తగ్గుతుంది. అందరూ కలిసి కూర్చుంటే ఆమె కంచంలోకీ కూర వస్తుంది.

కాబట్టి ఈ వారం నుంచే మొదలుపెడదాం. వారంలో కనీసం మూడు రాత్రులు ఇంటిల్లిపాదికీ ఒకటే వంట. రొట్టె అయితే అందరికీ రొట్టె, సంకటి అయితే అందరికీ సంకటి. పిల్లల దగ్గర "ఆరోగ్యానికి మంచిది" అనే మాటే ఎత్తకండి, అది వింటే వాళ్లు కంచం దగ్గరికి కూడా రారు. సంకటిలోకి నాటుకోడి పులుసో, వేరుశనగ పచ్చడో పెట్టి ఊరుకోండి. అన్నం తినే రోజున ఒక హస్తం తగ్గించి రెండు గరిటెల కూర ఎక్కువ వడ్డించండి. చుట్టాలొచ్చినా అంతే, మర్యాద కోసం బలవంతం చేయాలనుకుంటే కూర పెట్టి చేయండి. మిల్లెట్ బిస్కెట్లని పెద్ద అక్షరాలతో అమ్మే ప్యాకెట్ కొనేముందు వెనక్కి తిప్పి చదవండి. ఏది ఎక్కువ కలిపితే దాని పేరే ముందుంటుంది. మైదా, చక్కెర ముందు వరసలో ఉంటే అక్కడే పెట్టేసి రండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం వాటిని సొంతంగా ఆపొద్దు. అన్నం బాగా తగ్గిస్తే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది, డాక్టరుకు చెప్పి మార్చుకోండి.

వచ్చే ఆదివారం సాయంత్రం 7 గంటలకు కాలనీ పార్కులో కలుద్దాం. ఆ వారంలో మీ ఇంట్లో అందరూ తిన్న వంట ఒకటి గిన్నెలో తీసుకురండి. షుగర్ ఉన్నవాళ్లకోసం విడిగా చేసింది మాత్రం వద్దు! బాగుంటే ఎలా చేశారో అడిగి తెలుసుకుందాం, బాగాలేకపోతే మొహం మీదే చెప్పేద్దాం. ఉపన్యాసాలు లేవు. కంచం, గ్లాసు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.

— పొద్దున్నే పార్కులో నడిచే మీ కాలనీవాళ్లు